నాలుగడుగుల వాకిలి

మొన్న చిత్తూరులో మా బావమరిది కూతురి పెళ్ళికి పోయి, మధ్యాహ్నం భోజనాలయ్యాక లాడ్జీ గదిలో కాసేపు నడుం వాల్చాను. తలగడ రాతిబండను ఓదార్చేలా ఉంది. ఫ్యాను నాకంటే బద్ధకంగా తిరుగుతోంది. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ చారు పోపు నేరుగా నా మంచం మీదికే వస్తోంది. వీటన్నిటినీ పెద్ద మనసుతో క్షమించి కళ్ళు మూసుకున్నాను. అప్పుడు దుప్పటి వాసన తగిలింది. బ్లీచింగ్ పౌడరు, మండుటెండ, అంచున ఇస్త్రీ పెట్టె కొంచెం మరిచిపోయిన మాడు. ఈ మూడూ ఆ పాళ్ళలో కలిసిన వాసన నాకు తెలిసి ఒకే మనిషి దగ్గర ఉండేది. కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాను. మా ఆవిడ పట్టుచీర మడత పెడుతూ, "ఏమైంది?" అంది. "చెంగమ్మ" అన్నాను. ఆమె తలూపి, చీర మడత ముగించింది.

చెంగమ్మ తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో దుప్పట్లు ఉతికేది. ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. గొంతు మాత్రం, అలిపిరిలో నిలబడి ఎవరినైనా పిలిస్తే కొండ మీద మోకాళ్ళ మిట్ట దగ్గర నడిచేవాళ్ళు కూడా తమనేనేమోనని వెనక్కి తిరిగేంత. నేను దేన్నయినా పదింతలు చేసి చెప్పే మనిషినని మా బంధువర్గంలో పేరుంది. ఆ పేరు నిజమే. కానీ చెంగమ్మ విషయంలో పెంచడానికి నాకు పెద్దగా ఏమీ మిగలలేదు. ఆమే అంతా పెంచి పెట్టుకుంది. ఎవరినైనా రెండు మెట్లు పైకెక్కించి పిలవడం ఆమె అలవాటు. హౌసింగ్ ఆఫీసులో నేను కాంట్రాక్టు వర్క్ ఇన్‌స్పెక్టర్ని. ఆమె నోట మొదటి రోజే ఇంజనీరునైపోయాను. మా అసలు ఇంజనీరు కలెక్టరయ్యాడు. గేటు కాడ వాచ్‌మన్ సూపరింటెండెంటయ్యాడు, ఆ రోజు నుంచి ఆమెను ఒక్కసారి కూడా అడ్డుకోలేదు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. తిరుపతిలో సగం కట్టడాలు లాడ్జీలు, మిగతా సగం లాడ్జీలు కాబోయేవి. దేశం నలుమూలల నుంచి ఎవరొచ్చినా ఈ ఊళ్ళో తల దాచుకోవడానికి ఒక గది దొరుకుతుంది, ఆ గదిని ఊడ్చేవాళ్ళకు తప్ప. వాళ్ళు మేడల మీద రేకుల గదుల్లో, మెట్ల కింద అరల్లో, ఊరి చివర బాడుగ కొట్టాల్లో ఉండేవాళ్ళు. అలాంటి నలభై కుటుంబాలను చెంగమ్మ కూడగట్టింది. ఇంటి స్థలాలకు అర్జీ పెట్టించింది. మా ఆఫీసు అర్జీని తీసుకుని, స్థలం లేదని చెప్పి పంపింది. ఇంకెవరైనా అయితే టెంటు వేసి, మైకు పెట్టి నినాదాలు చేసేవాళ్ళు. అలాంటివి మాకు అలవాటే. కిటికీలు మూసుకుని పని చేసుకునేవాళ్ళం. చెంగమ్మ నినాదాలు చేయలేదు. ఒక మంగళవారం నాడు మూడు ఆటోల నిండా ఆరిన దుప్పట్లు వేసుకుని వచ్చి, ఆఫీసు వరండాలో మడత పెట్టడం మొదలుపెట్టింది.

దుప్పటి మడత అంటే ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని ఒక్కసారి విదిలిస్తారు. ఆ చప్పుడు టపాకాయ పేలినట్టుంటుంది. అలా ఇరవై జంటలు! ప్రతి విదిలింపుకీ మా టేబుళ్ళ మీది కాగితాలు లేచి ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి వెళ్ళిపోయాయి. మా ఆఫీసు చరిత్రలో ఫైళ్ళు అంత వేగంగా కదలడం అదే మొదటిసారి. మూడో మంగళవారం పెద్దాఫీసరు బయటికొచ్చి, "ఏమమ్మా, ఇక్కడ ధర్నా చేయకూడదని తెలీదా?" అన్నాడు.

"ధర్నా యాడ సార్? పని జేసుకుంటా ఉండాము. ఊరికే కూర్సోనేదానికి మాకు టైము యాడిది?" అంది చెంగమ్మ దుప్పటి కొస వదలకుండా.

"అయితే మీ లాడ్జీలో చేసుకోండి."

"ఆడ స్థలం ల్యా సార్. మీరు గూడా మాకు స్థలం ల్యాదనే గదా సెప్పినారు. సూసినాము, మీ వరండా మాత్రం సల్లగా, యిశాలంగా ఉండాది. ఏమే మేరీ, ఆ కొస గట్టిగా పట్టుకో. సార్ మీద పడతాది."

మేరీ ఆమెతో పాటు పనిచేసే పిల్ల, గట్టిగా పట్టుకోలేదు. దుప్పటి నిజంగానే సారు మీద పడింది. ఆయన అందులోంచి బయటపడేసరికి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నుంచి స్థలం దాకా మళ్ళీ ఏడాది పట్టింది గానీ, మొదలైంది మాత్రం అక్కడే. ఊరవతల ఒక గుట్ట వాలున నలభై ఒక్క స్థలాలు వచ్చాయి. రాళ్ళను పండించే పోటీలు ఎక్కడైనా పెడితే ఆ నేల మొదటి బహుమతి తెచ్చేది. ముగ్గు పోసి కొలతలిచ్చే పని నాకు పడింది.

ముగ్గు పోసిన రోజు చెంగమ్మ నా టేపు లాక్కుంది. జాకెట్లోంచి ఒక చిన్న సీసా తీసింది. లాడ్జీ దుప్పట్ల మూలల మీద గుర్తు పెట్టే నీలం సిరా అది. ఎన్ని ఉతుకులకూ పోదు. పుల్లతో టేపు మీద సరిగ్గా నాలుగడుగుల దగ్గర ఒక చుక్క పెట్టింది. "ప్రభుత్వ టేపమ్మా అది!" అని అరిచాను, అదేదో రాజముద్రిక అయినట్టు. "ఉండనీలేప్పా. వాకిలి ఈడి దాకా ఉండాల. నీకు గుర్తుంటాదని పెట్టినా" అంది. మా వైపు ఇంటి ద్వారాన్నే వాకిలి అంటారు. మంజూరైన ప్లానులో వాకిలి మూడడుగులు. నలభై ఒక్క ఇళ్ళకీ అంతే. నాలుగు కుదరదన్నాను. ఆమె వెళ్ళి ఇంజనీరునడిగింది. ఆయనా కుదరదన్నాడు. అప్పుడామె తన వాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "మీరంతా ప్లాను ప్రకారమే కట్టుకోండమ్మా, బిన్నా అయిపోతాది, ఆలస్యం ఉండదు. యీళ్ళతో కొట్లాడతా కూర్సుంటే గోడలు లెయ్యవు. నాలుగడుగులది నాదొగటి ఉంటే సాలు. అవసరమొచ్చినోళ్ళు మా ఇంటికి రండి." ఏ అవసరమో నాకు అర్థం కాలేదు. వాళ్ళకు అర్థమైనట్టుంది. ఎవరూ అడగలేదు.

నలభై ఇళ్ళు లేచాయి. మంగళవారాల్లో ఇప్పుడు మడతలు మాని అందరూ అందరి ఇళ్ళకూ రాళ్ళు మోశారు. చివరికి చెంగమ్మ ఇల్లు మొదలైంది. ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయాక తొంభై ఏళ్ళ అత్తగారు కుప్పమ్మవ్వను బాడుగ గదిలో పెట్టుకుని సాకుతోంది. ఆ అవ్వ వయసు తొంభై అని నేను మర్యాదకు చెబుతున్నాను. చూస్తే తిరుమల కొండలకు పెద్దక్కలా ఉండేది. రోజూ సాయంత్రం కోడలు రాగానే ఒకటే ప్రశ్న. నేనొకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర కోసం వెళ్ళి స్వయంగా విన్నాను.

"యాడి దాకా వచ్చె పిల్లా ఇల్లు?"

"కిటికీల కాడికి వచ్చె అత్తా."

"అట్లయితే ఇంగ రోన్నాళ్ళు ఉంటాలే."

"ఉండు. ఇంటికి పోకముందు పోయినావంటే నేను నీతో మాట్లాడను."

"పోతే నువ్వేమి మాట్లాడేది, నేనేమి ఇనేది?" అంది అవ్వ. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండానే.

తలుపు పైన దూలం దాకా గోడలు లేచాక నేను తనిఖీకి వెళ్ళాను. నేను సంతకం పెడితేనే పైకప్పుకు సిమెంటు, ఇనుప కమ్ములు వస్తాయి. టేపు పట్టాను. వాకిలి సరిగ్గా నీలం చుక్క దగ్గర తేలింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏందమ్మా ఇది? ఏనుగును తోలుకొస్తావా లోపలికి?" అన్నాను. మేస్త్రీలు నవ్వారు. నా మాటకు నలుగురు నవ్వితే నాకు ఇంకేమీ కనబడదు. ఆ ఊపులోనే పుస్తకంలో 'ద్వారము మంజూరైన ప్లానుకు విరుద్ధము' అని రాసి, సంతకం పెట్టకుండా ఫైలు పైకి పంపేశాను. టీ కొట్టు దగ్గర ఈ ఏనుగు కథను వారం రోజులు చెప్పాను. మూడో రోజుకి ఏనుగుకు దంతాలొచ్చాయి, అయిదో రోజుకి మావటివాడు చేరాడు.

తర్వాత వారం వేరే పని మీద గుట్టకు వెళితే, చెంగమ్మ తన మొండిగోడల మధ్య కూర్చుని సద్దికూడు తింటోంది. నన్ను పిలిచి కూర్చోమంది. "నీ ఏనుగు మాట మా లాడ్జీ దాకా వచ్చినాది లేప్పా" అంది, కోపం లేకుండా. "మా ఇంటాయన సచ్చిపోయింది బాడిగ గదిలో. మేడ మింద. తెల్లారి ఇంగా అందరికీ తెలియనే ల్యా, ఇంటి ఓనరు వచ్చినాడు. శవాన్ని ఈడ పెట్టేదానికి ల్యాదు, ఇప్పుడే దించెయ్యండి అన్న్యాడు. రేపు ఈ గదికి ఎవురొస్తారు అన్న్యాడు. ఆయప్పదీ తప్పు ల్యా, అందురూ అట్లే అంటారు. ఆ వాకిలి రెండడుగులు. మంచంతో రాడు. పండుకోబెట్టి తీస్తే మలుపు తిరగడు. నిలబెట్టినారప్పా. బీరువాను దించినట్ట నిలబెట్టి దించినారు. తల దారబందానికి తగిలె. మా అత్త యెనకాల నుంచి అనె, 'అబ్బయ్యా మెల్లిగా, నొప్పి బుడతాది వానికి' అని."

పలకరించడానికి వచ్చే మాటలన్నీ నా దగ్గర నవ్వించేవే. ఆమే మళ్ళీ అంది: "బంధువులొచ్చేదాకా పెట్టుకునేదానికి సోటు ల్యాక కాటి కాడ, సుడుగాడు గేటు ముందర పెట్టుకోని కూర్సున్న్యాము. బతికేదానికి బాడిగిల్లు సాలప్పా, యాడో ఒగసోట బతుకుతాము. సచ్చేదానికే సొంతిల్లు కావాల. మంచం మీద ఉండే మనిసిని నలుగురు మంచంతోనే ఎత్తుకోని వచ్చేంత వాకిలి కావాల. అంతే నా ఏనుగు."

ఆ సాయంత్రమే నేను ఆఫీసుకు వెళ్ళి ఆ ఫైలును వెనక్కి తెచ్చుకుని, రాసింది కొట్టేసి, సంతకం పెట్టి ఉండవచ్చు. ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. వెళ్ళలేదు. రాసింది నేనే కొట్టేయడం నామోషీ అనిపించింది. వారంలో అదే తిరిగొస్తుందిలే అనుకున్నాను. నేను ఎంత పెంచి చెప్పినా మా ఆఫీసు ఆలస్యాన్ని మాత్రం పెంచి చెప్పలేను. అది నాకంటే ఎప్పుడూ నాలుగాకులు ఎక్కువే. వారం రెండయింది, రెండు అయిదయ్యాయి. గుట్ట మీద నలభై ఇళ్ళల్లో పాలు పొంగాయి, గడపలకు పసుపు పూశారు. నలభై ఒకటో ఇంటికి పైకప్పు లేదు.

ఆ అయిదో వారంలో, లాడ్జీ మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ ఆరేస్తూ చెంగమ్మ ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందన్నారు. మేరీ ఏడుస్తూ నాకు ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి ఆసుపత్రి బయట అంబులెన్సు తలుపులు తెరుచుకుని ఉన్నాయి, ఎక్కడికి తోలాలో తెలియక డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు. బాడుగ గది ఓనరు అప్పటికే కబురు పంపాడు, అవ్వను మాత్రం ఉండనిస్తాను, ఇంకేదీ తేవద్దని. అప్పుడు నేను చూసింది మా వైపు ఇంతకుముందు ఎవరూ చూసి ఉండరు. సొంత తోబుట్టువు శవాన్ని కూడా ఇంకొకరి ఇంట్లోకి రానివ్వని మనుషులం మనం. అలాంటిది, ఈ మధ్యే పాలు పొంగించిన ఇళ్ళ ఆడవాళ్ళు ఆ అంబులెన్సు చుట్టూ మూగి కొట్లాడుకుంటున్నారు.

"మా ఇంటికి తోలప్పా, మొదటి వీధిలోదే" అంటోంది రవణమ్మ. ఆమె ఆ లాడ్జీలోనే గదులూడుస్తుంది.

"నీ కోడలు నీళ్ళోసుకోనుండాది గదే, నీ ఇంట్లో యెట్ల పెడతావు? మా ఇంటికి తోలు!" మేరీ కేక.

"నా కోడలికి ఆ గడప ఇచ్చిందే ఈమె! ఏమయితే అయితాది పో!"

నలభై ఇళ్ళ వాళ్ళూ తమ ఇంటికే అని పట్టుబట్టారు. ఈ లెక్కలో ఒక్క ఇల్లు కూడా నేను ఎక్కువ వేయలేదు. చివరికి ఆటోలో కుప్పమ్మవ్వను తీసుకొచ్చారు. అవ్వ కోడలి మొహాన్ని రెండు చేతులతో తడిమింది. ఏడవలేదు. అందరి మాటలూ విని, "మీ మనసు పెద్దదే తల్లీ. మీ వాకిళ్ళు మూడడుగులు గదా" అంది. "నా కొడుకును నిలబెట్టి తీసినారు. నా కోడల్ని నిలబెట్టనియ్యను. దాని ఇంటికే తోలండి."

"పైకప్పు ల్యాదు గదవ్వా, మబ్బు పట్టుండాది" అన్నాడెవరో.

"ల్యాకపోతే ల్యాకపోనీ. వాకిలి ఉండాది గదా" అంది అవ్వ.

మేము గుట్ట చేరేసరికి తుంపర మొదలైంది. మేరీ, రవణమ్మ లాడ్జీకి పోయి ఒక ఆటో నిండా దుప్పట్లు తెచ్చారు. ఆ గోడల మీది నుంచి ఈ గోడల మీదికి, ఇరవై జంటలు కొసలు పట్టుకుని, విదిలించి పరిచారు. ఆ రోజు ఆ చప్పుడుకు ఎవరూ నవ్వలేదు. రెండు వరసలు, మూడు వరసలు వేశారు. ప్రతి దుప్పటి మూలనా చెంగమ్మ చేత్తో పెట్టిన నీలం గుర్తు. వాన వాటిలో ఇంకుతూ, బరువెక్కి మధ్యలో కిందికి దిగింది గానీ ఆమె మీద మాత్రం పడలేదు. తన జీవితమంతా ఊరూపేరూ తెలియని వాళ్ళ నిద్ర కోసం ఉతికిన తెల్లటి బట్ట కింద, తన ఇంట్లో, బాడుగ గది నుంచి తెప్పించిన తన మంచం మీద ఆమె మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది. బంధువులు బంగారుపాళ్యం నుంచి, ఇంకా అవతల నుంచి నెమ్మదిగా వచ్చారు. త్వరగా తీసెయ్యమని ఎవరూ అనలేదు. అనడానికి ఓనరు లేడు.

మంచం ఎత్తే వేళకు నలుగురిలో ఒకడిగా నేను వెళ్ళి నిలబడ్డాను. ఎవరైనా వద్దంటారేమోనని భయపడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే బరువు. ముందు ఎడమకోడు నాకొచ్చింది. వాకిలి దగ్గరికి రాగానే కుప్పమ్మవ్వ వెనక నుంచి, "మెల్లిగా అబ్బయ్యా" అంది. మంచం తిరగలేదు, వంగలేదు, ఆగలేదు. నా మోచేతికీ గోడకూ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది. జీవితంలో నేను తీసిన కొలతలన్నిటిలో అదొక్కటే టేపు లేకుండా తీసింది. మూడడుగులే అయి ఉంటే, నేను రాసిన మాటే నెగ్గి ఉంటే, ఆ గడప దగ్గర మేము ఏమి చేసేవాళ్ళమో నాకు తెలుసు.

ఫైలు ఇంకో పది రోజులకు తిరిగొచ్చింది. పైన ఒకే మాట రాసి ఉంది: 'అభ్యంతరము లేదు.' ఆ రోజే సంతకం పెట్టాను. పైకప్పు వేసిన రోజు నలభై ఇళ్ళ వాళ్ళతో పాటు నేనూ కంకర మోశాను. రెండు బొచ్చెలు మోసి ఆయాసపడితే మేరీ, "ఇంజనీరప్ప ఏనుగు మాదిరి మోస్తా ఉండాడు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కాస్త క్షమాపణ దొరికినట్టు అనుకున్నాను, నా సౌకర్యం కోసం. నాలుగడుగుల వాకిలికి ఒంటి తలుపు దొరకదు గనుక రెండు రెక్కల తలుపు పెట్టించారు. కుప్పమ్మవ్వ అందులో ఇంకో రెండేళ్ళు ఉంది. పగలంతా మూసి ఉన్న రెక్కకు ఆనుకుని కూర్చునేది, తెరిచి ఉన్న రెక్కలోంచి వచ్చేపోయే వాళ్ళను పేరుపేరునా పలకరించేది. రెండో రెక్క అన్నాళ్ళలో రెండుసార్లే తెరుచుకుంది. ఒకసారి మూడో వీధిలోని ముసలాయన కోసం. జబ్బు ముదిరాక ఆయన్ను తెచ్చి అక్కడే ఉంచుకున్నారు, చెంగమ్మ మాటిచ్చినట్టే. రెండోసారి అవ్వ కోసం. ఆ రోజు గొళ్ళెం తుప్పు పట్టి కదలకపోతే, కొబ్బరి నూనె పోసి నేనే తీశాను.

చిత్తూరు లాడ్జీలో ఆ మధ్యాహ్నం, దుప్పటి పక్కకు పెట్టి లేచి, సంచీలోంచి టేపు తీశాను. గది వాకిలి మీద పరిచాను. రెండడుగుల తొమ్మిదంగుళాలు. నీలం చుక్క ద్వారం దాటి, అవతల గోడ మీద ఎక్కడో పడింది. "పెళ్ళికొచ్చి కూడా అదేనా?" అంది మా ఆవిడ. అదే. ఆ ప్రభుత్వ టేపు నా చేతిలోనే ముసలిదైపోయింది; మొదటి అడుగు అంకెలు చెరిగిపోయాయి, చివర కొక్కెం ఊడింది. ఆ చుక్క మాత్రం ముగ్గు పోసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఇప్పటికీ తనిఖీకి ఏ ఇంటికి వెళ్ళినా ముందు దాన్నే చూస్తాను. వాకిలి అంత వెడల్పు లేకపోతే, అందులోంచి మనిషిని మంచంతో ఎలా తీసుకొస్తారని ఇంటివాళ్ళను అడుగుతాను. అపశకునం మాట్లాడానని కొందరు తిడతారు, కొందరు మేస్త్రీని పిలుస్తారు. అంత వెడల్పు ఉంటే మాత్రం ఇంకేమీ అడగను. అక్కడే, నిలబడిన చోటే, గోడకు పుస్తకం ఆనించి సంతకం పెట్టేస్తాను.